షెన్ గారి వరిగలు, మా కొర్రబియ్యం

నా ఉద్యోగం ఏమిటని అడిగితే "పురాతన చైనాలో జనం ఏం తిన్నారో చెప్పడం" అనేదాన్ని. మన వాళ్ళు ముందు నవ్వేవారు. తర్వాత "అది కాదు, అసలు ఉద్యోగం?" అని మళ్ళీ అడిగేవారు. అమెరికాలో, ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ఉన్న రోజుల్లో శనివారం భోజనాలకి ఎవరింటికి వెళ్ళినా ఇదే వరస. మా వారు రామ్మోహన్ మందుల కంపెనీలో కెమిస్టు. ఆయన ఉద్యోగం ఒక్క ముక్కలో అందరికీ అర్థమైపోయేది. నా దగ్గరికి వచ్చేసరికి ఆయనే అందుకుని, "మా ఆవిడ నాలుగువేల ఏళ్ళ క్రితం ఎవరింట్లో అన్నం అడుగంటిందో కనిపెడుతుంది" అనేవారు. వేళాకోళానికే అనేవారు గానీ, నా పని గురించి అంతకంటే సరిగ్గా నేనూ చెప్పలేను.

ఈమధ్య మాకు తెలిసిన వాళ్ళమ్మాయి ఒకతె ఈ చదువులో చేరింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఫోన్ చేసి, "ఆంటీ, ఆ జాబ్ రియల్‌గా ఎలా ఉంటుంది? వెబ్‌సైట్‌లో ఉన్నట్టు కాదు, నిజంగా" అని అడిగింది. ఆ పిల్ల కోసమూ, ఆమె వెనక వచ్చేవాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో, ఎన్ని మీటింగులకి వెళ్ళానో రాయను. అవి ఎవరికీ పనికిరావు. నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి రాస్తాను. అది పనికొస్తుంది.

మాడిందే మిగులుతుంది

మాది అనంతపురం జిల్లా. బాటనీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్ళయ్యాక డెబ్భై ఏడులో ఇక్కడికొచ్చాను. మరుసటి ఏడు ఒక యూనివర్సిటీ మ్యూజియంలో విత్తనాలు గుర్తుపట్టే పని ఉందని తెలిసి వెళ్ళాను. అక్కడి పెద్ద డాక్టర్ బర్డెట్. పొడుగ్గా, కాస్త వంగినట్టు ఉండేవారు. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గాజు పళ్ళెంలో నల్లగా మాడిన గింజలు నా ముందుకి తోసి, "ఇవేమిటి?" అన్నారు అంతే.

గోధుమ చెప్పాను, బార్లీ చెప్పాను. మూడోవి ఆవగింజకంటే కొంచెం పెద్దవి, గుండ్రటివి. వాటిని వేలితో కదిపి, మైక్రోస్కోపు వైపు చూడకుండానే, "ఇవి కొర్రలు. మా ఊళ్ళో వీటితో అన్నం వండుతారు" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ గదిలో అప్పటిదాకా కొర్రన్నం తిన్నవాళ్ళు ఎవరూ లేరు. సోమవారం నుంచి రమ్మన్నారు.

కొర్రగింజే నాకు ఉద్యోగమిచ్చింది. నా తలకి పొగరెక్కించింది కూడా అదే. ఇది గుర్తుపెట్టుకోండి, ముందుముందు కావాలి.

పని ఇలా ఉండేది. తవ్వకాల్లో తీసిన మట్టి సంచుల్లో వస్తుంది. దాన్ని బకెట్ నీళ్ళలో పోసి కలుపుతాం. మట్టి మునుగుతుంది, మాడిన గింజ తేలుతుంది. తేలినదాన్ని పల్చటి బట్టలో వడగట్టి ఆరబెడతాం. ఆ తర్వాత సన్నటి కుంచెతో ఒక్కో గింజా పక్కకి తీసి, ఏది ఏ జాతో లెక్కపెడతాం. రోజులో ఆరుగంటలు ఇదే. మెడ పట్టేస్తుంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు మన వాళ్ళు. మా పనిలో ఆ మాట చెల్లదు. వందల మెతుకులు పట్టి చూడాలి, అప్పటికీ అనుమానం ఉండాలి.

ఇంకో సంగతి. వేల ఏళ్ళ నాటి తిండి మామూలుగా మిగలదు. తిన్నది కడుపులోకి పోతుంది, మిగిలింది కుళ్ళిపోతుంది. మాడి బొగ్గయిందే మట్టిలో నిలుస్తుంది. అంటే శ్రద్ధగా వండుకుని కడుపునిండా తిన్న పూట మాకు ఎప్పటికీ దొరకదు. పొయ్యి మీద పెట్టి ఎటో పోయినావిడ, నిప్పంటుకున్న గాదె, పారబోసిన అడుగంటు, ఇవే దొరుకుతాయి. మేం చదివేదంతా ఎవరో చేసిన పొరపాట్లే. ఇది మొదటి ఏడాదే అర్థమైతే ఈ ఉద్యోగం మీకు నచ్చుతుంది.

మిరపకాయల దండ

డెబ్భై తొమ్మిదిలో మా మ్యూజియం "చైనా పళ్ళెం" అని ఒక ప్రదర్శన పెట్టింది. అయిదు అద్దాల పెట్టెలు. మొదటిది ఉత్తర చైనా తొలి రైతులది. చిరుధాన్యాలు, పందులు, నేలలో తవ్విన ధాన్యపు గోతులు. రెండోది దక్షిణాదిది. చెరువుల అంచున పండిన వరి, నీళ్ళలో పెరిగే దుంపలు, సింగాడా కాయలు. మూడోది కంచుపాత్రల కాలం నాటి రాజులది. ఆవిరి మీద వండిన చిరుధాన్యపు అన్నం, దాన్నే పులియబెట్టి చేసిన మద్యం, మాంసం. అదే కాలంలో బీదవాడికి చిక్కుడు జాతి గింజలూ ఆకుకూరా దొరికితే గొప్ప. నాలుగోది హాన్ వంశపు రాజుల నాటిది, రెండువేల ఏళ్ళ కిందటిది. అప్పటికి తిరగలి వాడకం బాగా పెరిగి, అన్నంలా ఉడికించుకునే గోధుమ పిండిగా మారింది. పిండి వచ్చాకే ముద్దలూ, పొడుగ్గా సాగదీసినవీ వచ్చాయి. అయిదోది టీ తాగే కాలం, వరి దేశమంతా పాకి, పట్నాల్లో పూటకూళ్ళ అంగళ్ళు వెలిసిన కాలం.

వచ్చినవాళ్ళందరూ ఒకటే అడిగేవారు, నూడుల్స్ ఎక్కడ అని. మొదటి మూడు పెట్టెల్లో ఉండవని చెబితే మోసపోయినట్టు చూసేవారు.

నాలుగో పెట్టెలో సమాధిలో దొరికిన చిన్న మట్టి పొయ్యి బొమ్మ ఉంది. దాని చుట్టూ మా అలంకరణ వాళ్ళు వంటిల్లు కట్టారు. బాగానే కట్టారు గానీ, గోడకి ఎర్రటి ఎండుమిరపకాయల దండ వేలాడదీశారు. ప్రారంభం రేపనగా చూసి బర్డెట్ గారి దగ్గరికి పరుగెత్తాను.

"మిరపకాయ ఈ అమెరికా ఖండం నుంచి వెళ్ళింది సార్. హాన్ వాళ్ళు దాన్ని చూడనే లేదు. చైనాకైనా, మా ఆంధ్రాకైనా అది నిన్నగాక మొన్న వచ్చిన చుట్టం."

ఆయన ఇంకో మాట మాట్లాడకుండా తాళంచెవి తీసుకుని వచ్చి, దండ తనే విప్పి నా చేతిలో పెట్టారు. "ఇంటికి తీసుకెళ్ళు. నీకు పనికొస్తాయి" అన్నారు. మంచి పెద్దమనిషి అని చెప్పడానికి ఇది రాస్తున్నాను. తర్వాత ఆయన చేసింది చదివాక కూడా ఇది మరిచిపోకండి.

ఆ రోజు నుంచి తిండి విషయంలో నా మాటే వేదం అయింది. నేనూ అలాగే అనుకున్నాను.

షెన్ గారు

ఎనభైలో చైనా నుంచి ఒక పరిశోధకుడు ఏడాది పని చేయడానికి వచ్చారు. షెన్ గారు. అరవైకి దగ్గరగా ఉంటారు. బక్కపల్చటి మనిషి, ఎప్పుడూ అదే బూడిదరంగు కోటు. వాళ్ళ దేశంలో చదువుకున్నవాళ్ళకి గడ్డుకాలం నడిచినప్పుడు ఆయన్ని పరిశోధన మాన్పించి పదేళ్ళు పల్లెలో పొలం పనికి పంపారట. ఆ సంగతి ఒక్కసారే చెప్పారు, వాతావరణం గురించి చెప్పినట్టు. ఇంగ్లీషు మెల్లిగా, కూడబలుక్కుని మాట్లాడేవారు.

ఆయన వచ్చింది మా నేలమాళిగలో ఉన్న మూడు రేకు డబ్బాల కోసం. ఉత్తర చైనాలోని ఒక పల్లెలో యుద్ధానికి ముందెప్పుడో తవ్వినప్పుడు, ఒకే గోతి దగ్గర అడుగు పొర, నడిమి పొర, పై పొర నుంచి తీసిన మట్టి అందులో ఉంది. షెన్ గారి వాదన ఇది: ఆ ప్రాంతపు తొలి రైతులు ముందు పండించింది వరిగ, కొర్రకి దగ్గరి చుట్టమైన ఇంకో చిరుధాన్యం. వానలు తక్కువైనా, చలికాలం తొందరగా వచ్చినా వరిగ చేతికొస్తుంది. నేల చక్కబడి ఊళ్ళు పెరిగాకే కొర్రకి మళ్ళారు. అప్పట్లో ఉత్తర చైనా అంటే కొర్ర అని ఒక్క గాటన కట్టేసేవారు. అన్నిటికంటే పాతదైన అడుగు పొర డబ్బాలో ఉన్నవి వరిగలని తేలితే ఆయన మాట నిలబడుతుంది. దీని మీద ఆయన రాస్తున్న వ్యాసం అచ్చయితే ఆయన్ని ఇంకో ఏడాది ఉంచుతామని బర్డెట్ గారు మాటిచ్చారు. పదేళ్ళు పోగొట్టుకున్న మనిషికి ఆ ఏడాది ఎంత విలువో వేరే చెప్పాలా.

ఒక ఆదివారం ఆయన్ని మా ఇంటికి భోజనానికి పిలిచాను. అప్పట్లో ఇక్కడి ఇండియన్ షాపుల్లో చిరుధాన్యాలు దొరికేవి కావు. మా అత్తమ్మ అంతకు ముందు ఏడు వచ్చినప్పుడు స్టీలు డబ్బా నిండా కొర్రబియ్యం తెచ్చింది. ఇంటి దగ్గర రోట్లో దంచి, చెరిగి, ఒక్క రాయి లేకుండా ఏరి తెచ్చిన బియ్యం. దాంతో అన్నం, పప్పు, వంకాయ కూర చేశాను. షెన్ గారు అన్నం నోట్లో పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకున్నారు. తర్వాత వండని గింజలు చూపించమని అడిగి, అరచేతిలో పోసుకుని చూశారు.

"చాలా బాగా దంచారు. మొలక ఒక్కటి కూడా లేదు. మా ఊళ్ళో ఇంత ఓపిక లేదు" అన్నారు.

అది మా అత్తమ్మకి మెప్పు అనుకుని మురిసిపోయాను. అసలు విషయం నా అన్నం పళ్ళెం దగ్గరే ఆయన చెప్పేశారు. నా చెవికి ఎక్కలేదు.

నేను రాసిన రెండు పేజీలు

గింజని గుర్తుపట్టాలంటే పక్కన పెట్టి పోల్చడానికి తెలిసిన గింజ ఉండాలి. మాడిన గింజకి మాడిన గింజే తోడు. మా ల్యాబులో కొర్రకి నమూనా లేదు. నేనేం చేశాను? మా ఇంటి డబ్బాలోంచి గుప్పెడు తెచ్చి, ల్యాబు ఓవెన్‌లో మాడ్చి, సీసాలో పోసి, "కొర్ర, అనంతపురం, ఇండియా" అని చీటీ అంటించాను. మ్యూజియం డబ్బాల్లోని పాత గింజలకి కూడా పొట్టు కాలి రాలిపోయింది. పొట్టు లేనిదానికి పొట్టు లేనిది సరిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మన ఇళ్ళల్లో కొర్రలంటే కొర్రబియ్యమే కదా. అది విత్తనం కాదని నాకు తట్టనే లేదు.

ఈ రెండు గింజల తేడా తెలిసేది మొలక భాగం దగ్గర. గింజ అడుగున మొలక వచ్చేచోటు ఒక గుంటలా కనిపిస్తుంది. కొర్రలో ఆ గుంట పొడుగ్గా, గింజలో సగాన్ని దాటి పైకి పోతుంది. వరిగలో పొట్టిగా, వెడల్పుగా, సగం దగ్గరే ఆగిపోతుంది. షెన్ గారు అడుగు డబ్బా గింజల్ని మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను పిలిచారు.

"చూడండి. పొట్టి గుంట. వరిగ."

"కానీ ఇంత చిన్నగా ఉన్నాయే? వరిగ ఇంతకంటే పెద్దది."

"ఇవి పాలు తోడుకునే దశలో కోసినవి. పండనివి. ఆకలేసి, పండకముందే కోస్తారు. నేనూ కోశాను."

నా సీసా తెచ్చి చూపించాను. "నా కొర్రల్లో అసలు గుంటే సరిగ్గా కనిపించట్లేదు. అంటే మాడితే ఆ గుర్తు నిలవదు. దాన్ని నమ్మకూడదు. సైజునే నమ్మాలి. సైజు చూస్తే ఇవి కొర్రలే."

ఆయన సీసాలోకి చాలాసేపు చూశారు. ఆ గింజలు ఆయన తిన్న డబ్బాలోవేనని నేను చెప్పలేదు. చీటీ మీదా ఊరి పేరే గానీ బియ్యమని లేదు. ఆయనకి తెలిసే దారి లేదు. చివరికి నెమ్మదిగా అన్నారు:

"మేడమ్, మీరు తిన్నారు. నేను విత్తాను."

నాకు కోపం వచ్చింది. ఒప్పుకుంటున్నాను, కోపమే వచ్చింది. చిన్నప్పటి నుంచి కొర్రన్నం తిన్నదాన్ని, నాకు ఈయన కొర్రలు నేర్పుతాడా అనుకున్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కొలతలు, ఫోటోలు, పట్టిక పెట్టి రెండు పేజీల రిపోర్టు రాశాను: మూడు పొరల్లోనూ కొర్రలే, మొలక గుంట నమ్మదగిన గుర్తు కాదు. బర్డెట్ గారు కింద తన పేరు కూడా పెట్టి ఒక పత్రికకి పంపారు, అచ్చయింది. షెన్ గారి దగ్గర ఉన్నవి పెన్సిల్ బొమ్మలూ, పదేళ్ళ పొలం అనుభవమూ. ఆ రోజుల్లో మా ల్యాబులో ఫోటోకి ఉన్న విలువ అనుభవానికి లేదు, అందులోనూ ఇంగ్లీషు సరిగ్గా రానివాడి అనుభవానికి.

షెన్ గారిని వ్యాసం వెనక్కి తీసుకోమన్నారు బర్డెట్ గారు. రెండో ఏడాది మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎనభై ఒకటి జూన్‌లో వెళ్ళిపోయారు. వెళ్ళేముందు నా బల్ల దగ్గరికి వచ్చి, కొర్ర, వరిగ పక్కపక్కన గీసిన పెన్సిల్ బొమ్మ ఒకటి ఇచ్చారు. "మీ కలెక్షన్‌కి" అన్నారు. మా అత్తమ్మకి నమస్కారం చెప్పమన్నారు. బొమ్మ సొరుగులో పడేశాను.

అత్తమ్మ అడిగిన ప్రశ్న

ఎనభై ఆరులో అత్తమ్మ మళ్ళీ వచ్చి నాలుగు నెలలు ఉంది. మేమిద్దరం ఆఫీసులకి వెళ్ళిపోతే ఆమెకి పొద్దు పోయేది కాదు. ఒకరోజు నాతో పాటు కార్లో ల్యాబుకి తీసుకెళ్ళాను. కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అన్నీ వింతగా చూసింది.

"ఈ మసిబొగ్గు ఏరేదానికా నీకు జీతమిచ్చేది?"

"అవునత్తమ్మా. ఇదిగో, మీరు తెచ్చిన కొర్రలు కూడా ఇక్కడున్నాయి. వీటిని చూసే చైనా కొర్రల్ని గుర్తుపడతాం" అని గర్వంగా సీసా చేతికిచ్చాను. పక్కనే, తర్వాత ఇంటి నుంచి తెచ్చి పెట్టుకున్న అదే డబ్బా, అడుగున ఇంకో గుప్పెడు మాడ్చని గింజలతో ఉంది. ఆమె డబ్బా మూత తీసి వేళ్ళతో నలిపి చూసింది.

"ఇది నేను దంచి తెచ్చిన బియ్యం గదమ్మా."

"అవును, అవే. నమూనా విత్తనం."

"ఇత్తనమంటావేంది? బియ్యమమ్మా ఇది. దంచినాక మొలక యాడుంటాది? తవుడులో పోతాది. దీన్ని సేన్లో సల్లి సూడు, ఒక్కటన్నా మొలుస్తాదేమో! ఇత్తుకి ఎవురన్నా బియ్యం ఏస్తారా?"

మాడ్చని గింజ ఒకటి తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను.

గుంట కనిపించకపోవడానికి కారణం నిప్పు కాదు, రోకలి. అత్తమ్మ రోకలి పోటుకి మొలక ఊడిపోయి, దాని అంచులు కూడా అరిగిపోయాయి. అలాంటి గింజని పట్టుకుని, మాడితే గుర్తు నిలవదని లోకానికి చెప్పాను. అయిదేళ్ళుగా ఆ సీసాతో పోల్చి ఎన్ని రిపోర్టులు రాశానో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. "మొలక ఒక్కటి కూడా లేదు" అన్న షెన్ గారి మాట అప్పుడు వినిపించింది. అంతవరకూ అది వంట గురించి అనుకున్నాను.

అత్తమ్మకి నా ముఖం చూసి భయమేసింది. "ఏమైందమ్మా, అనకూడనిదేమన్నా అన్నానా?"

"లేదత్తమ్మా. ఎవరో ఒకరు అనాల్సిన మాటే అన్నారు."

ఆ వారమే ప్రభుత్వ విత్తనశాలకి ఫోన్ చేసి, పొట్టుతో ఉన్న కొర్రలూ వరిగలూ, పండినవీ పండనివీ తెప్పించాను. ఎక్కువ వేడిలో, తక్కువ వేడిలో, ఇసుకలో కప్పి, కప్పకుండా, అన్ని రకాలుగానూ మాడ్చాను. గుంట ప్రతిసారీ నిలిచింది. కొర్రకి పొడుగ్గా, వరిగకి పొట్టిగా. పండని వరిగ చిన్నగా, అచ్చం కొర్ర సైజులో ఉంది. షెన్ గారి పెన్సిల్ బొమ్మ సొరుగులోంచి తీసి పక్కన పెట్టుకున్నాను. నా ఫోటోల్లో లేనిదంతా అందులో ఉంది. అడుగు డబ్బా తీసి మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టాను. వరిగలే. దాదాపు అన్నీ వరిగలే.

ఒక్క మాటే కదా

బర్డెట్ గారి గదికి రెండు సీసాలూ పట్టుకుని వెళ్ళాను. ఆయన అంతా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా ప్రదర్శన, మొదటి పెట్టె మీద "కొర్ర" అనే లేబుల్‌తో, అప్పటికి అరడజను ఊళ్ళు తిరిగింది, పుస్తకం అచ్చయింది, ఆయన రిటైర్మెంట్ దగ్గరపడింది.

"సుభద్రా, ఒక పక్షుల మేతకి బదులు ఇంకో పక్షుల మేత. లేబుల్ మీద ఒక్క మాట. దీని వల్ల ఎవరికి నష్టం?"

నిజమే, ఈ దేశంలో వరిగలు దొరికేది పిట్టలకి వేసే మేత సంచుల్లోనే.

"షెన్ గారికి నష్టం సార్."

"ఈ అయిదేళ్ళలో మన రిపోర్టుని ఒక్కరూ ప్రశ్నించలేదు."

"ఒకరు ప్రశ్నించారు. మనం ఆయన్ని ఇంటికి పంపించేశాం."

ఆయన సీసాలు రెండూ నా వైపు తోశారు. పత్రికకి పంపే సవరణ మీద తన పేరు పెట్టనన్నారు. "నీకు కావాలంటే నీ పేరుతో పంపుకో" అన్నారు. పంపాను. తప్పు ఎలా జరిగిందో, దంచిన బియ్యం సంగతితో సహా, ఏమీ దాచకుండా రాశాను. అచ్చయ్యాక మా రంగంలో కొందరు నవ్వుకున్నారు. "వంటింటి శాస్త్రవేత్త" అన్నారట ఎవరో. ఏడాది పాటు బర్డెట్ గారు నాతో కలిసి లంచ్‌కి కూర్చోలేదు. లేబుల్ ఆయన రిటైరయ్యేదాకా మారలేదు.

ఆయన్ని చెడ్డవాడనను. మిరపకాయల దండ విప్పినప్పుడు తప్పు అలంకరణ వాళ్ళది. ఈసారి తన సంతకం ఉంది. మన తప్పు కానప్పుడు దిద్దడం ఎవరికైనా తేలికే. మీకు దొరికే బాసుల్ని ఈ రెండో దాంతోనే కొలవండి. మిమ్మల్ని మీరు కూడా.

ఉత్తరం

షెన్ గారికి ఉత్తరం రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఎన్ని కాగితాలు చింపానో. చివరికి చిన్నదే రాశాను: మీరు చెప్పిందే నిజం, నేను పోల్చింది మీరు మా ఇంట్లో తిన్న బియ్యంతో, సవరణ జతపరుస్తున్నాను, క్షమించండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అది నాకూ తెలుసు.

నాలుగు నెలలకి జవాబొచ్చింది. ఆయన చేతిరాతే. అందులో ఉన్నది నా మాటల్లో చెబుతాను.

నా ఉత్తరానికి ముందు వసంతంలోనే ఆయన రిటైరయ్యారు. ఇక్కడి నుంచి వెళ్ళాక వాళ్ళ సంస్థలో తన సొంత తవ్వకం గింజల్ని పెట్టెలో పెట్టి "వరిగ" అని రాసుకున్నారట. నా రిపోర్టు అక్కడికీ చేరింది. కుర్రవాళ్ళు అది చదివి, ఇంగ్లీషులో అచ్చయిన మాటకి బరువెక్కువ కాబట్టి, ఆయన పెట్టె మీద పేరు కొట్టేసి "కొర్ర" అని మార్చారు. ఆయన రోజూ ఆ పెట్టె పక్కనుంచే నడిచి వెళ్ళేవారు. రిటైరయ్యే రోజున కూడా అది అలాగే ఉంది.

నా ఉత్తరం అందాక ఆయన బస్సెక్కి సంస్థకి వెళ్ళి, సవరణ వాళ్ళకి చదివి వినిపించారు. పేరు మళ్ళీ మార్చారు. "నేను నిలబడి చూస్తుండగా మార్చారు" అని రాశారు. ఆ వాక్యం కింద గీత గీశారు.

కోపం మాట ఎక్కడా లేదు. అది ఉంటే నాకు కొంచెం తేలికయ్యేదేమో. చివర్లో, "ఆ అన్నం రుచి గుర్తుంది. మీ అత్తగారికి చెప్పండి" అని ఉంది.

అప్పటికి అత్తమ్మ అనంతపురం వెళ్ళిపోయింది. ట్రంక్‌కాల్ బుక్ చేసి చెప్పాను. ఆ రోజు ఆయనేమన్నారో మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత, "పాపం, మనింట్ల కూకోని అన్నం తిని బాగుందన్న్యాడు. మనం ఆయన మాట ఒక్కటీ ఇనకపోతిమి కదమ్మా" అంది. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

ఆ రెండో ఏడాదిని ఆయనకి తిరిగి ఇచ్చే దారి లేదు. వరిగ ముందు, కొర్ర తర్వాత అన్న మాట తర్వాత ఇతరులూ వేరే చోట్ల చూపించారు. వాళ్ళ వ్యాసాల్లో ఆయన పేరు ఉండదు. ఆయన వ్యాసం అచ్చే కాలేదు కదా.

ఇప్పుడు ఇక్కడి ఐసెలిన్ ఇండియన్ షాపుల్లో కొర్రలు ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. కొనుక్కుని వండుకోండి, మంచివి. ల్యాబుకి మాత్రం తీసుకెళ్ళకండి. నమూనా గింజ ఏదైనా ముందు పది తడిగుడ్డలో కట్టి మొలకెత్తుతాయో లేదో చూడండి. మొలవనిదాన్ని నమ్మి ఎవరి మాటా కొట్టెయ్యకండి.

ఉద్యోగం వదిలేముందు నమూనాల సొరుగు ఒకటి సర్ది వచ్చాను. అందులో పొట్టుతో ఉన్న కొర్రలు, వరిగలు, పాలు తోడుకునేటప్పుడు కోసినవి, పండినవి వరసగా ఉన్నాయి. పైన షెన్ గారి పెన్సిల్ బొమ్మ అద్దంలో పెట్టి ఉంది. చివర్న అత్తమ్మ స్టీలు డబ్బా ఉంది. దాన్ని పారేద్దామని కొత్తగా వచ్చినవాళ్ళు రెండుసార్లు అడిగారు. వద్దన్నాను. దాని మూత మీద నా చేతిరాతతో చీటీ అంటించి ఉంటుంది:

"దంచిన కొర్రబియ్యం. విత్తనం కాదు. దీన్ని చూపించి షెన్ గారి మాట కొట్టేసింది నేను. సుభద్ర."